పేరు మారితే కొలెస్ట్రాల్‌కు తెలుస్తుందా? స్టాటిన్ మాత్రల్లో బ్రాండు, జెనరిక్ లెక్క

మందుల షాపు కౌంటరు మీద రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పేరున్న కంపెనీది. దానిమీద పెద్ద రంగు అక్షరాల్లో బ్రాండు పేరు, పక్కన 10 అన్న అంకె ఉంటాయి. రెండోది జన ఔషధి కేంద్రం నుంచి తెచ్చింది. దానికి బ్రాండు లేదు, మందు పేరే దాని పేరు. రెండింటినీ వెనక్కి తిప్పి చదివితే కనిపించేది ఒకే మాట: ప్రతి ఫిల్మ్ కోటెడ్ మాత్రలో అటార్వాస్టాటిన్ కాల్షియం ఐ.పి., అటార్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములకు సమానం. ధరలో మాత్రం రెండు నుంచి ఐదు రెట్ల తేడా ఉంటుంది. కొలెస్ట్రాల్ మందు నెలా రెండు నెలలతో అయిపోయేది కాదు, ఏళ్ల తరబడి వేసుకునేది. అందుకే ఈ తేడా ఇంటి ఖర్చులో తెలుస్తుంది. చవకది వేసుకుంటే గుండెకు ఏమవుతుందోనన్న భయం కూడా అంతే గట్టిగా ఉంటుంది.

ఆ భయంలో కొంత నిజముంది. అయితే చాలామంది అది ఉన్నచోట కాక వేరే చోట వెతుకుతారు.

అసలు మందు అంటే ఏది?

కొలెస్ట్రాల్ తగ్గించే ఈ మందుల కుటుంబం పేరు స్టాటిన్లు. వాటి కథ జపాన్‌లో మొదలైంది. శాంక్యో కంపెనీలో పనిచేసిన అకీరా ఎండో 1970లలో ఒక పెనిసిలియం బూజు నుంచి కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థాన్ని వేరు చేశారు. అమెరికాలో అనుమతి పొందిన మొదటి స్టాటిన్ లోవాస్టాటిన్, 1987లో. అటార్వాస్టాటిన్‌కు లిపిటర్ పేరుతో 1996 డిసెంబరులో అనుమతి వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన మందుగా అది ఏళ్లపాటు నిలిచింది. అమెరికాలో దాని గుత్తహక్కు 2011 నవంబరు 30న ముగిసింది. రోసువాస్టాటిన్‌కు, అంటే క్రెస్టార్‌కు, 2003లో అనుమతి, 2016లో జెనరిక్‌లు, అంటే కనిపెట్టని వేరే కంపెనీలు చేసే అదే మందు, వచ్చాయి.

మన దేశంలో సంగతి వేరు. 1970 నాటి పేటెంట్ చట్టం మందుల తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. 2005 దాకా అదే నడిచింది. కాబట్టి అమెరికాలో లిపిటర్ ఒక్కటే రాజ్యమేలుతున్న రోజుల్లోనే ఇక్కడ పదుల కంపెనీలు అటార్వాస్టాటిన్‌ను తమ తమ పేర్లతో అమ్ముకున్నాయి. అటార్వా, స్టోర్వాస్, టోనాక్ట్, అటోకార్, రోసువాస్, రోజావెల్ ఏవీ కనిపెట్టిన కంపెనీవి కావు. సాంకేతికంగా ఇవన్నీ జెనరిక్‌లే, పేరు పెట్టుకున్న జెనరిక్‌లు. తెలుగు ఇళ్లలో ‘మాకు బ్రాండెడ్డే కావాలి’ అనేవాళ్లు అడుగుతున్నది, నూటికి తొంభై పాళ్లు, ఒక జెనరిక్ బదులు మరో జెనరిక్‌ను.

ఇంకో విశేషం ఉంది. 2006 జూన్‌లో జోకార్, అంటే సింవాస్టాటిన్, పేటెంటు అమెరికాలో ముగిసినప్పుడు మెర్క్ కంపెనీ హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌తో ఒప్పందం చేసుకుంది. మెర్క్ మాత్రే రెడ్డీస్ లేబుల్‌తో జెనరిక్‌గా అమ్ముడైంది. 2011లో లిపిటర్‌కూ అదే జరిగింది: ఫైజర్ తయారు చేసిన మాత్రను వాట్సన్ కంపెనీ జెనరిక్ ధరకు అమ్మింది. మాత్ర ఒకటే, డబ్బా వేరు. ఆ రోజుల్లో డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగువాళ్లలో కొందరు జెనరిక్ అనుకుని మింగినది అసలు బ్రాండే అయి ఉంటుంది.

80 నుంచి 125: అందరూ తప్పుగా చదివే అంకె

‘జెనరిక్‌లో మందు 80 శాతం ఉన్నా పాసే’ అన్న మాట వాట్సాప్‌లోనే కాదు, కొందరు డాక్టర్ల నోటా వినిపిస్తుంది. అది తప్పు. మాత్రలో మందు ఎంతుండాలన్నదానికి వేరే పరీక్ష ఉంది. మందుల ప్రమాణాల అధికారిక గ్రంథమైన భారత ఫార్మకోపియా (షీటు మీద ఐ.పి. అనేది దీన్నే) ప్రకారం లేబుల్ మీద రాసిన మోతాదులో 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి. బ్రాండుకైనా జెనరిక్‌కైనా హద్దు అదే.

80, 125 అంకెలు రక్తానికి సంబంధించినవి. రెండు మూడు డజన్ల మంది ఆరోగ్యవంతులను రాత్రంతా పస్తు ఉంచి, పొద్దున సగంమందికి అసలు మాత్ర, సగంమందికి జెనరిక్ ఇస్తారు. రోజంతా చెప్పిన వేళలకు రక్తం తీస్తారు. మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా కొన్ని రోజులు ఆగి, మాత్రలు తారుమారు చేసి మళ్లీ అదే తంతు. ఇలా ప్రతి మనిషీ తనకు తానే పోలికవుతాడు. రక్తంలోకి మొత్తం ఎంత మందు చేరింది, గరిష్ఠంగా ఎంత స్థాయికి పోయింది అన్న రెండు కొలతల్లో జెనరిక్‌కూ అసలుకూ మధ్య నిష్పత్తి కడతారు. ఆ నిష్పత్తి సగటు 80 దాటితే సరిపోదు. సగటుకు అటూ ఇటూ ఉండే 90 శాతం విశ్వాస పరిధి (పరీక్షించింది కొద్దిమందినే గనక అసలు సగటు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) మొత్తం 80, 125 గీతల మధ్యే ఇమడాలి. సగటు 93 వచ్చి పరిధి 84 నుంచి 103 దాకా ఉంటే పాస్. సగటు 85 వస్తే పరిధి కింది కొస సాధారణంగా 80 కిందికి జారుతుంది, ఫెయిల్. కాబట్టి పాసయ్యే మందులు సహజంగానే 100 చుట్టూ గుమిగూడతాయి. 1996 నుంచి 2007 దాకా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన జెనరిక్‌ల 2,070 అధ్యయనాలను కలిపి చూస్తే, రక్తంలో చేరిన మొత్తంలో సగటు తేడా 3.5 శాతం దగ్గర తేలింది.

పై గీత 120 కాకుండా 125 ఎందుకంటే, 100ను 80తో భాగిస్తే 1.25, అంటే 125 శాతం వస్తుంది. నిష్పత్తిని లాగరిథమ్‌లో చూస్తారు గనక రెండు గీతలూ మధ్య నుంచి సమాన దూరంలో ఉన్నట్టే.

పది శాతం తగ్గితే ఎల్‌డీఎల్ ఎంత పెరుగుతుంది?

స్టాటిన్ల విషయంలో భయం ఎందుకు నిలవదో చెప్పేది ఈ లెక్కే. స్టాటిన్ మోతాదును రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, రెట్టింపుగా తగ్గదు. ప్రతి రెట్టింపుకూ అదనంగా దక్కేది దాదాపు 6 శాతం. అటార్వాస్టాటిన్ 10 మి.గ్రా. సుమారు 39 శాతం తగ్గిస్తే 20 మి.గ్రా. 43, 40 మి.గ్రా. 50, 80 మి.గ్రా. 60 శాతం తగ్గిస్తాయని దాని లేబుల్ చెబుతుంది. ఎనిమిది రెట్లు మందు పోస్తే 39 కాస్తా 60 అయింది, అంతే. తొలి 10 మిల్లీగ్రాములే పనిలో పెద్ద వాటా చేసేస్తాయి.

ఈ వాలును తిరగేసి చూద్దాం. మందు లేకుండా ఎల్‌డీఎల్ 160 ఉన్న మనిషి అటార్వాస్టాటిన్ 20 వేసుకుంటే 43 శాతం తగ్గి 91 దగ్గరికి రావాలి. అతను మార్చిన జెనరిక్ రక్తంలోకి 10 శాతం తక్కువ మందు చేర్చిందనుకుందాం. రెట్టింపుకు 6 శాతం లెక్కన, పదో వంతు తగ్గితే పోయేది ఒక శాతం కూడా కాదు. ఎల్‌డీఎల్ 91 బదులు 92 లేదా 93. పోనీ ఏకంగా 20 శాతం తక్కువే చేరిందనుకుంటే? 94. అంటే 3 మిల్లీగ్రాముల తేడా. మందు, తిండి ఏదీ మారని మనిషికి రెండు వారాల వ్యవధిలో రెండుసార్లు రక్తం తీస్తేనే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటలో ఈ 3 ఎక్కడుందో ల్యాబు కూడా పట్టుకోలేదు.

వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), ఫెనిటాయిన్ (ఫిట్స్ మందు), థైరాక్సిన్ (థైరాయిడ్ మందు) లాంటి వాటిని ఈ లెక్కలో కలపకూడదు. వాటిలో కొద్ది తేడాకే రక్తం పలచబడటమో, ఫిట్స్ రావడమో జరగొచ్చు. బ్రాండు మార్చవద్దని అక్కడ డాక్టరు పట్టుబడితే అర్థముంది. స్టాటిన్‌కు ఆ సున్నితం లేదు. అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘జెనరిక్‌లు నమ్మలేం’ అనడంలో వచ్చే చిక్కు ఇదే.

మరి మాత్ర మరిచిపోతే? నెలలో పది రోజులు వేసుకోకపోతే పోయేది ఒక శాతం కాదు, వచ్చిన తగ్గుదలలో పెద్ద ముక్కే పోతుంది. పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత 160కి చేరుతుంది. కొనలేక సగం నెల మానేసే ఖరీదైన మాత్రకన్నా, 30 రోజులూ పడే చవక మాత్ర ఎందుకు మేలో ఈ అంకెలే చెబుతున్నాయి.

రోగుల్లో ఏం తేలింది?

రక్తంలో సమానమైతే గుండెకూ సమానమేనా అన్నది న్యాయమైన ప్రశ్నే. కెనడాలోని ఒంటారియోలో గుండెపోటు లాంటి తీవ్ర సమస్యతో ఆస్పత్రిలో చేరి బయటికొచ్చిన 65 ఏళ్లు దాటినవాళ్లను పరిశీలించారు. లిపిటర్ వాడినవాళ్లను, జెనరిక్ అటార్వాస్టాటిన్ వాడినవాళ్లను 7,863 జతలుగా సరిపోల్చారు. ఏడాదిలో చనిపోయినవాళ్లు, మళ్లీ గుండె సమస్యతో చేరినవాళ్లు కలిపి అటు 17.7 శాతం, ఇటూ 17.7 శాతమే. 2016లో వెలువడిన ఈ అధ్యయనంలోని మనుషులు ఆరోగ్యవంతులైన యువకులు కారు, మందు పనిచేయకపోతే వెంటనే దెబ్బతినేవాళ్లు. అందుకే దీనికి బరువెక్కువ.

2014లో వచ్చిన అమెరికా అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ బీమాలో ఉన్న 65 దాటిన 90,111 మందిలో జెనరిక్ స్టాటిన్‌తో మొదలుపెట్టినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం లాంటివి 8 శాతం తక్కువగా నమోదయ్యాయి. జెనరిక్ మాత్రలో మహత్తు ఉందని దీనర్థం కాదు. వాళ్లు చేతినుంచి పెట్టుకోవాల్సింది సగటున 10 డాలర్లు, బ్రాండువాళ్లు పెట్టుకోవాల్సింది 48. జెనరిక్‌వాళ్లు 77 శాతం రోజులకు సరిపడా మందు కొన్నారు, బ్రాండువాళ్లు 71 శాతానికి. తేడా జేబులోంచి వచ్చింది.

అయితే ఈ రెండు అధ్యయనాలనూ తెచ్చి ఆంధ్ర, తెలంగాణ షాపుల మీద నేరుగా అతికిస్తే కుదరదు. అక్కడ పోటీకి నిలబడిన ప్రతి జెనరిక్ పైన చెప్పిన రక్త పరీక్ష దాటివచ్చింది. ఇక్కడ అన్నీ దాటాయా?

మన దగ్గర అసలు లొసుగు

అటార్వాస్టాటిన్ నీటిలో సరిగా కరగని మందు. అలాంటి మందులో మాత్ర ఎలా తయారైందన్నదే కీలకం: పొడి ఎంత సన్నగా నూరారు, స్ఫటికంగా ఉందా లేదా, పొట్టలో విచ్చుకునేందుకు ఏం కలిపారు. ఆమ్లంలో ఈ మందు రూపం మారుతుంది గనక లిపిటర్‌లో కాల్షియం కార్బొనేట్‌ను జోడించారు. ఈ పని సరిగా చేయని కంపెనీ మాత్రలో 10 మి.గ్రా. మందు ఉన్నా అది కరగకుండానే పేగు దాటిపోవచ్చు.

దీన్ని పట్టేది కరుగుదల పరీక్ష. గాజు పాత్రలో 37 డిగ్రీల వెచ్చని ద్రవం 900 మి.లీ. పోసి, మాత్ర వేసి, తెడ్డును నిమిషానికి 75 చుట్లు తిప్పుతారు. నిర్ణీత నిమిషాల్లో మందులో ఎంత వంతు ద్రవంలోకి దిగిందో కొలుస్తారు. మంచి మాత్ర నిమిషాల్లో ఉబ్బి, పగిలి, తెల్లటి మబ్బులా విడిపోతుంది. పొడిని మాత్రగా నొక్కేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడ్డది గులకరాయిలా అడుగునే కూర్చుంటుంది. నాసిరకమని ప్రభుత్వం ప్రతినెలా ప్రకటించే మందుల జాబితాల్లో ‘కరుగుదలలో విఫలం’ అన్న కారణం తరచూ కనిపిస్తుంది.

మన దేశంలో చాలాకాలం ఒక వెసులుబాటు నడిచింది. కొత్త మందుగా అనుమతి వచ్చి నాలుగేళ్లు దాటాక రాష్ట్ర స్థాయిలో లైసెన్సు తీసుకునే కంపెనీ, బ్రాండుతో రక్త సమానత చూపకుండానే తయారీ మొదలుపెట్టవచ్చు. 2017 ఏప్రిల్‌లో నిబంధనలు మార్చి, నీటిలో సరిగా కరగని రకం మందులకు ఆ పరీక్ష తప్పనిసరి చేశారు. అటార్వాస్టాటిన్ ఆ తరగతిదే. అంతకుముందే లైసెన్సు తెచ్చుకున్నవి బజారులో ఉన్నాయి. వాటిలో పేరున్న బ్రాండ్లూ ఉండొచ్చు, పేరు లేనివీ ఉండొచ్చు. బ్రాండు పేరు ఆ పరీక్షకు హామీ పత్రం కాదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

పేరు హామీ కాదనడానికి రాన్‌బాక్సీ ఒక ఉదాహరణ. వాట్సన్ అమ్మినది ఫైజర్ మాత్ర అయితే, 2011లో అమెరికాలో సొంతంగా తయారుచేసిన జెనరిక్ లిపిటర్‌ను ముందుగా తెచ్చిన కంపెనీ అది. ఏడాది తిరక్కుండా, 2012 నవంబరులో, సన్నని గాజు రేణువులు కలిసి ఉండొచ్చని ఆ మాత్రల బ్యాచ్‌లను వెనక్కి పిలిచింది. 2013లో, తయారీ ప్రమాణాలు, సమాచార విషయంలో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు కట్టింది. ఇక్కడి షాపుల్లో అదే కంపెనీ సరుకు అప్పట్లో ‘పెద్ద బ్రాండు’. పరీక్షలు చేసే చోట కూడా తప్పులు జరిగాయి: హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో ఈసీజీ రికార్డులు మార్చినట్టు 2014లో ఫ్రాన్స్ తనిఖీదారులు గుర్తించడంతో 2015లో ఐరోపా సుమారు 700 మందుల అనుమతులను నిలిపేయాలని సిఫారసు చేసింది. ఆ మందులు హాని చేశాయనడానికో, పనిచేయలేదనడానికో ఆధారం లేదని కూడా అప్పుడే చెప్పింది.

ఇవన్నీ కలిపి చూస్తే మన దగ్గర అడగాల్సిన ప్రశ్న బ్రాండా జెనరికా అన్నది కాదు. ఏ ఫ్యాక్టరీ, ఏ బ్యాచ్ అన్నది. షీటు వెనక ‘తయారీ’ అని ఒక చిరునామా, ‘మార్కెటింగ్’ అని ఇంకో చిరునామా ఉంటాయి. పెద్ద కంపెనీ పేరున్న షీటు మీద కూడా తయారీ బద్దీలోనో హరిద్వార్‌లోనో వేరే కంపెనీదై ఉండటం మామూలు. అదే ఫ్యాక్టరీ చవక షీటు కూడా చేస్తుండొచ్చు. తయారీ చిరునామా పూర్తిగా, లైసెన్సు నంబరుతో చదవగలిగేలా ఉన్న షీటునే తీసుకోవాలి. అరిగిపోయిన ముద్ర, స్టిక్కరు మీద స్టిక్కరు ఉన్నది వద్దు. జన ఔషధి కేంద్రాలకు వచ్చే ప్రతి బ్యాచ్‌ను గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్షించాకే పంపుతారు. ఆ మాటకొస్తే చాలా చిన్న బ్రాండ్ల విషయంలో కొనేవాడికి ఆ మాత్రం భరోసా కూడా ఉండదు.

షాపు లెక్క

ఒకే కంపెనీ ఒకే మందును రెండు దారుల్లో అమ్ముతుంది. డాక్టర్ల దగ్గరికి రిప్రజెంటేటివ్‌లను పంపి రాయించేది ఒకటి. రిప్రజెంటేటివ్ లేకుండా నేరుగా షాపుకు వెళ్లేది రెండోది. షాపువాళ్లు జెనరిక్ అనేది దీన్నే. రెండో దారిలో ఎమ్మార్పీ ఎక్కువగానే ముద్రించి, షాపుకు బాగా తక్కువకు ఇస్తారు. తేడా అంతా షాపుది. అందుకే కొన్నిచోట్ల ‘జెనరిక్, 50 శాతం తగ్గింపు’ అన్న బోర్డు చూసి కొన్నా బ్రాండు కన్నా పెద్దగా ఆదా కాదు. తగ్గింపు శాతం చూడొద్దు, ఒక్కో మాత్ర ఎంత పడిందో చూడండి. అటార్వాస్టాటిన్ అత్యవసర మందుల జాబితాలో ఉంది గనక దానికి ప్రభుత్వ ధర పరిమితి ఉంది. ఆ జాబితాలో లేని మందులకు కంపెనీ ఏటా 10 శాతం దాకా ఎమ్మార్పీ పెంచుకోవచ్చు.

అసలు ప్రమాదం కౌంటరు దగ్గర వేరే రూపంలో ఉంది. ‘అదే మందు, కంపెనీ వేరు’ అంటూ ఇచ్చినప్పుడు నిజంగా అదే మందేనా? రోసువాస్టాటిన్ 10 బదులు అటార్వాస్టాటిన్ 10 ఇస్తే అది కంపెనీ మార్పు కాదు, మందు మార్పు. రెంటినీ నేరుగా పోల్చిన పరీక్షలో 10 మి.గ్రా. రోసువాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 46 శాతం, 10 మి.గ్రా. అటార్వాస్టాటిన్ 37 శాతం తగ్గించాయి. జెనరిక్ ‘పనిచేయలేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే పుడతాయి.

బ్రాండు పేరు తోకలు ఇంకో గొడవ. ఎఫ్ ఉంటే సాధారణంగా ఫెనోఫైబ్రేట్ (ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వును తగ్గించేది) కలిసినట్టు, సీవీ అంటే క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా చూసేది), గోల్డ్ అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ. స్టెంటు వేయించుకున్న మనిషికి గోల్డ్ క్యాప్సూల్ బదులు ఉత్త రోసువాస్టాటిన్ ఇస్తే కొలెస్ట్రాల్ బాగానే ఉంటుంది, స్టెంటులో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం మిగిలిపోతుంది. తిరగబడినా ఇబ్బందే: స్టెంటు లేని పెద్దాయనకు గోల్డ్ లాంటి తోకున్న మందు పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఒకటి లేదా రెండు మందులే ఉన్న మాత్రల లేబుల్ మీద మందు పేరును బ్రాండు పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ముద్రించాలని నిబంధన ఉంది. కౌంటరు దగ్గరే మందు పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవాలి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు ఆరు నెలలకు సరిపడా షీట్లు పట్టుకెళ్తారు. అవి అయిపోతే అక్కడి ఫార్మసీకి ‘రోజావెల్’ అంటే అర్థం కాదు. చీటీ మీద రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. అని మందు పేరుతో రాయించుకోవాలి.

ఒళ్లు నొప్పులు జెనరిక్ వల్లేనా?

మాత్ర మారిన వారానికి కాళ్లు లాగుతున్నాయంటే అందరి చూపూ కొత్త షీటు మీదికే పోతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో చేసిన ఒక ప్రయోగం దీనికి చక్కటి జవాబు. బాధలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందికి ఏడాదికి 12 డబ్బాలు ఇచ్చారు: నాలుగింట్లో అటార్వాస్టాటిన్ 20, నాలుగింట్లో మందు లేని ఉత్త మాత్రలు, నాలుగు ఖాళీ డబ్బాలు. రోజూ బాధను అంకెల్లో నమోదు చేయించారు. మందు నెలల్లో సగటు 16.3, ఉత్త మాత్రల నెలల్లో 15.4, ఏ మాత్రా లేని నెలల్లో 8. బాధ నిజమే, నటన కాదు. అందులో 90 శాతం మాత్ర మింగుతున్నామన్న ఎరుక నుంచే వచ్చింది. ఈ ఫలితం చూశాక వాళ్లలో సగంమంది మళ్లీ మందు మొదలుపెట్టారు.

మాత్ర రూపమూ పనిచేస్తుంది. గుండెపోటు వచ్చినవాళ్ల మీద 2014లో వెలువడిన అమెరికా పరిశీలనలో, మాత్ర రంగు మారితే మానేసే అవకాశం 34 శాతం, ఆకారం మారితే 66 శాతం పెరిగింది. ఇంట్లో పెద్దవాళ్లకు ‘తెల్లది పొద్దున, గులాబీది రాత్రి’ అని నేర్పి ఉంటే, షీటు మారిన రోజున ఎవరో ఒకరు కూర్చుని కొత్తది చూపించాలి. లేకపోతే రెండూ వేసుకుంటారు, లేదా రెండూ మానేస్తారు.

నిజమైన కండరాల హాని అరుదు, కానీ ఉంది. తొడలు, భుజాలు రెండు వైపులా నొప్పి, లేవలేనంత బలహీనత, మూత్రం కోలా రంగులోకి మారడం కనిపిస్తే మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. సీకే అనే రక్తపరీక్ష గరిష్ఠ హద్దుకు పది రెట్లు దాటితే విషయం తీవ్రం. దీని వెనక చాలాసార్లు ఉండేది కంపెనీ కాదు, మోతాదో, కలిసిన వేరే మందో: సింవాస్టాటిన్‌తో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, లేదా అమ్లోడిపిన్ అనే బీపీ మందు వాడుతూ సింవాస్టాటిన్ 20 మి.గ్రా. దాటడం. రోసువాస్టాటిన్ ఆసియా వాళ్ల రక్తంలో సుమారు రెట్టింపు చేరుతుంది, అందుకే అమెరికా లేబుల్ వాళ్లకు 5 మి.గ్రా.తో మొదలుపెట్టమంటుంది. మనవాళ్లకు ఇది బ్రాండు గొడవకన్నా పెద్ద విషయం.

మార్చాక ఎల్‌డీఎల్ పెరిగితే

ముందు పాత షీటు, కొత్త షీటు పక్కపక్కన పెట్టి మందు పేరు, మిల్లీగ్రాములు కలుస్తున్నాయో చూడాలి. తర్వాత మాత్రలు లెక్కపెట్టాలి. నెల కింద కొన్న 30లో ఇంకా 8 మిగిలితే సమాధానం దొరికినట్టే.

పరీక్ష సంగతి చూడాలి. స్టాటిన్ మార్చిన వారానికే రక్తం ఇస్తే ఏమీ తేలదు, కనీసం 4 వారాలు ఆగాలి. ల్యాబు ఒకటేనా? కొన్ని ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలుస్తాయి. కొన్ని మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, అంటే మంచి కొలెస్ట్రాల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసేసి లెక్క కడతాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క చెల్లదు. పెళ్లి భోజనం చేసిన మర్నాడు ఇచ్చిన రక్తాన్ని, ఉపవాసం ఉండి ఇచ్చిన రక్తంతో పోల్చకూడదు.

తర్వాత ఒంట్లో మారినవి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, టీఎస్‌హెచ్ చూపించాలి. స్టెరాయిడ్లు వాడుతున్నారా? టీబీకి రిఫాంపిసిన్ మొదలైందా? అది వేసుకున్న కొన్ని గంటల తర్వాత అటార్వాస్టాటిన్ వేసుకుంటే రక్తంలో మందు 80 శాతం దాకా పడిపోగలదు. గ్యాస్ మందు కూడా అడగాలి: అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్‌ను రోసువాస్టాటిన్‌తో కలిపి తాగితే మందు సగం దాకా ఒంటబట్టదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే సిరప్ తాగాలి. మాత్రలు ఎక్కడ పెట్టారన్నదీ చూడాలి. రెంటచింతలలో మే నెల ఎండకు కారు డ్యాష్‌బోర్డులో పడి ఉన్న షీటు, సముద్రతీరపు తేమలో నెలకు సరిపడా విప్పి డబ్బాలో పోసుకున్న మాత్రలు చెడిపోవచ్చు. వేసుకునేముందే షీటులోంచి తీయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, అదే ల్యాబులో రెండోసారి కూడా ఎల్‌డీఎల్ 20, 30 శాతం ఎక్కువగా వస్తే అప్పుడు ఆ బ్యాచ్‌ను అనుమానించాలి. వేరే కంపెనీ షీటు, అదే మందు, అదే మోతాదు తీసుకుని ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. మందు మానేసి చూడటం పరీక్ష కాదు, ముఖ్యంగా స్టెంటు ఉన్నవాళ్లకు.

అనుమానపు షీటును పారేయొద్దు. రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, కొన్న మనిషే రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత మందును పరీక్ష చేయించుకోవచ్చు. దానికి బిల్లు కావాలి, బ్యాచ్ నంబరూ కావాలి. షాపులో పది మాత్రల షీటును ఐదు ఐదుగా కత్తిరించి ఇస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ తరచూ షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. కాబట్టి పూర్తి షీటే కొనాలి. ఇంట్లో కూడా ఆ అంకెలు లేని కొస నుంచి మాత్రలు తీసుకుంటూ రావాలి.